సారికా పేరు మీద

జాతర ఏడు పుట్టిన్నని
సారక్క అని పెట్టిన్రు.
సిరొంచ బ్యాంకుల క్లార్కు ఆ పేరు రెండుసార్లు చదివి
"సారికా, కదా?" అన్నడు.
తలూపిన.
పద్దెనిమిదేండ్ల పిల్లకు
లోను ఇచ్చేటాయన ఏ పేరు పెడితే ఆ పేరే.

నాగపూర్ల నాలుగేండ్లు నర్సింగు.
ఆలాపల్లి దాక గుంతల రోడ్డు, ఆ పైన రాత్రి బస్సు,
ఒళ్లె పుస్తకం, పుస్తకంల మడిచిన ఫీజు రశీదు.
తీసుకున్నది ఐదు లక్షల అరవై వేలు.
చదువు అయినంక కాయితం ఇప్పి చూస్తే
ఏడు లక్షల పన్నెండు.
నేను నిద్రపోయిన రాత్రుల్ల కూడా
అది కన్ను మూయలే.

మా దిక్కు మిత్తి అంటే వడ్డీ.
పెద్దోళ్ల నోట్ల మిత్తి అంటే చావు కూడా.
ఒక్క మాటకు రెండు పనులు ఎందుకు చెప్పిన్రో
మొదటి హప్తా నాడు తెలిసింది:
కట్టింది తొమ్మిదివేల ఆరువందల ఏడు.
అందుల మిత్తి తిన్నది
ఆరువేల రెండువందల ముప్పై.
అసలుకు మిగిలింది ఎంగిలి మెతుకులు.

అంకీస దవఖానల కాంట్రాక్టు నౌకరి.
మాఘంల నాలుగు రోజులు సెలవు దొరికితే
వంతెన దాటి మిరప చేన్లకు పోయిన.
కాన్పులు చేసే చేతులు,
సబ్బుకు పోని మంట.
తెల్లారి డ్యూటీల పసిగుడ్డును ముట్టనీకె జంకి
కొబ్బరినూనె రాసి
గ్లవ్స్ మీద గ్లవ్స్ తొడుక్కున్న.

వైశాఖంల తునికాకు.
చీకట్ల లేచి, సద్ది కట్టుకొని,
ఆకు మీద ఆకు,
యాభై ఆకులకు ఒక కట్ట.
కల్లేదారు సడవలి నవ్విండు:
"సిస్టరమ్మా, సూది పట్టే చేతికి నారతోని ఏం పని?"
ముందు కట్టలు లెక్కపెట్టుమన్న.
మూడు తక్కువ చెప్పిండు.
మళ్ల లెక్కపెట్టుమన్న.

మందుల బీరువా లోపలి తలుపు మీద
పెన్సిలుతోని అసలు రాసుకునేదాన్ని,
పాతది కొట్టేసి, కింద కొత్తది.
తనిఖీకి వచ్చిన డాక్టరు వంగి చూసి
"ఇది ఏం స్టాకు?" అన్నడు.
"తగ్గుతున్న రోగం, సార్."
ఆయన నవ్వలే. నేను కూడా.

కరోనా ఏడు మెసేజీ వచ్చింది,
ఆర్నెల్లు కట్టకున్నా నడుస్తదని.
తోటి సిస్టర్లు ఊపిరి పీల్చుకున్నరు.
నేను మళ్ల మళ్ల చదివిన.
నన్ను ఆగుమన్నరు గని
మిత్తి ఆగుతదని ఎక్కడా రాయలే.
ఐదో తారీఖుకే కట్టిన.
జీతం పడని నెల స్కూటీ అమ్మి కట్టిన,
ఆ ఎండాకాలమంతా దవఖానకు నడిచిన.
హెడ్ సిస్టరు దాన్ని పట్టుదల అన్నది.
నాకైతే కోపమే యాదికున్నది,
ఇంకా, కాలి మడమల పగుళ్లు.

పదేండ్ల అప్పు
ఆరేండ్ల రెండు నెలలకు ఒడిసింది.
మేనేజరు మరాఠీల కాయితం ఇచ్చిండు:
సారికాకు ఏ బాకీ లేదు.
"పేరు తప్పు పడ్డది సార్,
నేను సారక్కను."
ఆధారు చూసి, కాయితం చూసి, తల గోక్కున్నడు:
"దిద్దాలంటే ఫైలు మళ్ల తెరవాలె."
"వద్దు," అన్న, "తెరవకుండ్రి."
కుర్చీల నుంచి లేచేసరికి
నా గొంతు నాకే గట్టిగ వినపడ్డది.

బయట ప్రాణహిత గాలి.
రేవుకు పోయి చాయ తాగిన,
పది రూపాయలు ఇస్తే రెండు తిరిగిచ్చిండు,
ఆ రెండు ఎక్కడ పెట్టాల్నో తోచలే.

ఈ నెల ఐదో తారీఖు
నాలుగింటికే మెలకువ వచ్చింది.
తొమ్మిదివేల ఆరువందల ఏడు
లెక్కపెట్టి పక్కకు పెట్టిన.
ఎవరికో తెల్వదు.
ఫ్యాను గాలికి నోట్లు లేస్తుంటే
పైన కారం డబ్బా పెట్టి
డ్యూటీకి పోయిన.